బాక్సర్ కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా ఇంట్లో ఏడేళ్లుగా ఒక ఆడ బాక్సర్ ఉంది. పేరు చిట్టి. పొద్దున వాకింగ్‌కు తీసుకెళ్లినప్పుడు దాని మొహం చూసి ముచ్చటపడి ఆగేవాళ్లు ఎందరో. "మేం కూడా తెచ్చుకుందామనుకుంటున్నాం" అని మొదలుపెట్టి వాళ్లు అడిగే ప్రశ్నలే ఇవి. జవాబులు కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. ఎండ గురించి, గుండె గురించి రాసినవి మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

బాక్సర్ అసలు ఎక్కడి కుక్క? ఎంత పెద్దదవుతుంది?

జర్మనీది. అడవి పందుల వేటలో జంతువును పట్టి కదలకుండా ఆపడానికి అక్కడ బుల్లెన్‌బైసర్ అనే పాత జాతి ఉండేది. దాన్ని ఇంగ్లండ్ బుల్‌డాగ్‌తో కలిపి 19వ శతాబ్దం చివర్లో ఈ జాతిని తయారుచేశారు. మొదటి క్లబ్బు 1890ల్లో మ్యూనిక్‌లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కబుర్లు చేరవేయడానికీ కాపలాకూ బాక్సర్లను వాడుకున్నారు. ఇంకో విశేషం కూడా చెప్పాలి. శాస్త్రవేత్తలు కుక్క జన్యుపటాన్ని మొత్తంగా చదివి 2005లో ప్రకటించినప్పుడు, అందుకు ఎంచుకున్నది టాషా అనే ఆడ బాక్సర్‌నే.

మగది భుజం దగ్గర 57 నుంచి 63 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది, బరువు 30 కిలోలు దాటుతుంది. ఆడది 53 నుంచి 59 సెంటీమీటర్లు, సుమారు 25 కిలోలు ఉంటుంది. ఆ బరువంతా కండే. రెండు నెలల పిల్ల ఒళ్లో ముడుచుకుని పడుకుంటే ఇది తెలియదు. ఎనిమిదో నెలకల్లా గొలుసు పట్టుకున్న మీ చెయ్యి లాగేస్తుంది.

స్వభావం ఎలా ఉంటుంది?

మనుషులంటే ప్రాణం. నేను ఆఫీసు నుంచి వచ్చి గేటు తీస్తే చిట్టి నేరుగా నడిచి రాదు. నడుము వంచేసి, తల, తోక ఒకవైపుకి వచ్చేలా జీడిపప్పులా వంగి, పక్కవాటుగా గెంతుకుంటూ వస్తుంది. బాక్సర్లున్న ప్రతి ఇంట్లోనూ ఇదే దృశ్యం. మీరు ఏ గదిలో ఉంటే ఆ గదిలోనే ఉంటుంది. వంటింట్లో నిలబడితే మీ పాదం మీద కూర్చుంటుంది.

పెద్దరికం ఆలస్యంగా వస్తుంది. ఒళ్లు ఏడాదికే పెరిగినా బుద్ధి కుదురుకోవడానికి మూడేళ్లు పడుతుంది. అంతవరకూ మీ ఇంట్లో ఉండేది 30 కిలోల చంటిపిల్ల.

ఇంటి కాపలాకు పనికొస్తుందా?

కొత్తవాళ్లొస్తే చెబుతుంది, అవసరమైతే అడ్డంగా నిలబడుతుంది. కారణం లేకుండా మొరిగే రకం కాదు కాబట్టి మొరిగినప్పుడు లేచి చూస్తాం. కానీ కాపలా కోసమే అయితే బాక్సర్ వద్దని నేను గట్టిగా చెబుతాను. గేటు దగ్గర కట్టేసి ఇంటివాళ్లంతా లోపల ఉంటే ఇది దిగులు పెట్టుకుంటుంది, తిండి మానేస్తుంది, తన కాళ్లు తానే నాక్కుని పుండ్లు చేసుకుంటుంది. మన మధ్య ఉంటేనే మనకు కాపలా కాస్తుంది.

డాబా మీద గానీ, బయట షెడ్డులో గానీ ఉంచవచ్చా?

వద్దు. ఈ ఒక్క జవాబు నచ్చకపోతే వేరే జాతిని చూసుకోండి. వరండాలో ఫ్యాను పెడతాం, నీళ్ల తొట్టి పెడతాం అంటారు కొందరు. అయినా సరే వద్దనే చెబుతాను. కారణం కింద రాశాను.

మన ఎండలకు తట్టుకుంటుందా?

తనంతట తాను తట్టుకోలేదు. మనమే కాపాడుకోవాలి.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, నాలుక మీది తడి ఆరడం వల్ల ఒంటి వేడి తగ్గించుకుంటుంది. బాక్సర్ ముక్కు పొట్టిది, లోపల గాలి వెళ్లే దారి ఇరుకు. ఎంత రొప్పినా వేడి తొందరగా తగ్గదు. కోస్తాలో ఉక్కపోత తోడైతే ఆ తడి ఆరదు కూడా. అందుకే రెంటచింతల, రామగుండం ఎండ ఒక రకం ప్రమాదమైతే, 36 డిగ్రీలే ఉన్న విశాఖ ఉక్కపోత ఇంకో రకం ప్రమాదం. అలాంటి ఉక్కలో నీళ్ల కూలర్ కూడా పెద్దగా పనిచేయదు, గాలిలో ఇంకా తేమ పెంచుతుంది. ఏసీ ఉన్న గది, కనీసం చల్లటి నేల మీద ఫ్యాను గాలి ఉండాలి. మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ముందే అనుకుని పెట్టుకోండి.

చిట్టికి రెండో ఎండాకాలంలో జరిగింది చెబుతాను. మే నెల, ఆదివారం. లేవడం ఆలస్యమై ఏడున్నరకు బందరు కాలువ గట్టు మీదికి తీసుకెళ్లాను. ఎండ ఇంకా ముదరలేదనుకున్నాను. పావుగంటకు దాని నాలుక గరిటెలా వెడల్పయింది, అంచులు పైకి లేచాయి, రంగు ముదురు ఎరుపుకి తిరిగింది. చొంగ తీగలా సాగి నేలకు తగులుతోంది. పిలిస్తే చూడలేదు. ఇంకో నాలుగడుగులకు వెనక కాళ్లు తడబడి చతికిలబడింది. పక్కనే టీ కొట్టు. ఆయన ఏమీ అడగకుండా డ్రమ్ములోంచి బకెట్ ముంచి పొట్ట మీద, తొడల మధ్య, మెడ మీద పోస్తూనే ఉన్నాడు. నేను అట్టముక్కతో విసిరాను. నాలుగో బకెట్‌కు తలెత్తి నా వైపు చూసింది. అప్పుడు ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ముందు నీళ్లు పోసి తర్వాత బయల్దేరడమే దాన్ని బతికించిందని డాక్టర్ చెప్పారు. ఆ రోజు నుంచి ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఉదయం ఆరులోపు, రాత్రి ఎనిమిది దాటాకే నడక.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వెంటనే నీడకు తీసుకెళ్లి మామూలు కుళాయి నీళ్లు ధారగా పోయండి, గాలి విసరండి, ఆ తర్వాత ఆసుపత్రికి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే అది వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కు చూపించాల్సిందే.

రోడ్డు మీద నడిపించే ముందు మీ అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలైనా ఒంటరిగా వదలకండి.

అపార్ట్‌మెంట్‌లో పెంచుకోవచ్చా? అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు.

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో హాయిగా ఉంటుంది, రోజూ రెండు పూటలా బయట తిప్పితే చాలు. ఇక అసోసియేషన్ సంగతి. కుక్కలు పెంచుకోకూడదని నిషేధం పెట్టే హక్కు నివాస సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అలాగని గొడవతో మొదలుపెట్టకండి. టీకాల కార్డు చూపించండి, లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకోండి, కుక్క మలం మీరే ఎత్తండి. మా పై అంతస్తు పిన్నిగారు మొదటి ఆరు నెలలు చిట్టిని చూస్తే మెట్లెక్కి వెళ్లేవారు. ఇప్పుడు పండగకు బొబ్బట్టు దానికని విడిగా పంపుతారు (పెట్టం, కానీ చెప్పం).

హైదరాబాద్‌లో ఉంటే జీహెచ్ఎంసీ లైసెన్స్ తీసుకోవాలి. మిగతా ఊళ్లవాళ్లు మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి. రేబిస్ టీకా సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి.

ఇది నిషేధించిన జాతి అని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

కాదు. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమంటూ 23 రకాల కుక్కల మీద ఆంక్షలు పెట్టమని రాష్ట్రాలకు రాసిన మాట నిజం. ఆ జాబితాలో బాక్సర్ లేదు. ఆ ఉత్తర్వును కూడా ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు కొట్టేశాయి.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఫర్వాలేదా?

పిల్లలతో ఇంత ఓపిగ్గా ఉండే పెద్ద కుక్కలు తక్కువ. కానీ దాని ప్రేమే ప్రమాదం. ఎగిరి ముందుకాళ్లు భుజాల మీద వేస్తుంది. రెండేళ్ల పిల్లయితే వెల్లకిలా పడుతుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అయితే తుంటి ఎముక విరుగుతుంది. అందుకని పిల్లగా ఉన్నప్పటి నుంచే ఒక నియమం పెట్టండి: నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే ఎవరైనా తల నిమురుతారు. ఎగిరితే అందరూ మొహం తిప్పుకోవాలి. ఇంటికొచ్చిన బావగారు "ఫర్వాలేదు, ఎక్కనీ" అన్నా ఒప్పుకోవద్దు. కుక్క తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పిల్లలు దాని దగ్గరికి వెళ్లకూడదన్నది రెండో నియమం. ఐదేళ్లలోపు పిల్లల్ని దానితో ఒంటరిగా వదలకండి.

ఇద్దరం ఉద్యోగస్తులం. పగలంతా ఇల్లు ఖాళీ.

పెద్ద బాక్సర్ మూడు నాలుగు గంటలు ఒంటరిగా ఉండగలదు. పది గంటలు ఉండలేదు. పిల్లయితే గంటకోసారి బయటికి తీసుకెళ్లాలి. ఇంట్లో అత్తయ్యో నాన్నో ఉండి, వాళ్లకు కూడా కుక్క ఇష్టమైతే ఆలోచించండి. "వాళ్లు చూసుకుంటార్లే" అనుకుని తేవడం, వాళ్ల చేత అయిష్టంగా చాకిరీ చేయించడం కుక్కకూ పెద్దవాళ్లకూ అన్యాయమే.

ఏం పెట్టాలి? పెరుగన్నం సరిపోతుందా?

పెరుగన్నం ఒక్కటే పెడితే పొట్ట నిండుతుంది, కండ పట్టదు. కుక్కకు మాంసకృత్తులు కావాలి. మేం అన్నం, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, గుమ్మడికాయో క్యారెట్టో కలిపి పెడతాం. వారానికి మూడు నాలుగు గుడ్లు, ఎండాకాలం కాస్త పెరుగు. పెరిగే వయసులో మాత్రం పెద్ద జాతి పిల్లల కోసం చేసిన ప్యాకెట్ ఆహారమే మేలు, అందులో కొలతలు సరిగ్గా ఉంటాయి. ఎముకలు గట్టిపడతాయని షాపువాళ్లు ఇచ్చే కాల్షియం సీసాలు మీ అంతట మీరు పోయకండి. పెద్ద జాతి పిల్లకు కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి. పాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి.

మన వంటింట్లో అసలు శత్రువు ఉల్లిపాయ. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. చికెన్ కూర కడిగి ముక్కలు పెట్టినా గ్రేవీలోని ఉల్లి లోపలికి పోతుంది. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా విషమే, కాబట్టి పాయసం గిన్నె నాకనివ్వకండి. ఉడికిన ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి.

రోజంతటి తిండి ఒకేసారి పెట్టకుండా రెండు పూటలుగా పెట్టండి. తిన్నాక గంటసేపు పరుగులు, ఆటలు వద్దు. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో పొట్ట గాలితో ఉబ్బి మెలిపడిపోయే ప్రమాదం ఉంది. కడుపు బిర్రుగా ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాక, నిలకడ లేకుండా తిరుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి. గంటల్లో ప్రాణం పోతుంది.

ఏయే జబ్బులు వస్తాయి?

మొదటిది గుండె. ఈ జాతిలో తరతరాలుగా వచ్చే గుండెకండర జబ్బు ఒకటి ఉంది, దానికి బాక్సర్ కార్డియోమయోపతి అనే పేరే స్థిరపడింది. గుండె లయ తప్పుతుంది. అప్పటిదాకా ఆడుతున్న కుక్క ఉన్నట్టుండి కూలిపోయి, క్షణాల్లో లేచి ఏమీ జరగనట్టు తిరుగుతుంది. ఫిట్స్ అనుకుని వదిలేసేవాళ్లు ఉన్నారు. కొన్నిటిలో ముందు ఏ లక్షణమూ కనిపించకుండానే ప్రాణం పోతుంది. మామూలు ఈసీజీ కొద్ది నిమిషాలే చూస్తుంది, అందులో దొరక్కపోవచ్చు. ఒంటికి యంత్రం కట్టి 24 గంటలు నమోదు చేసే హోల్టర్ పరీక్ష కావాలి. ఎక్కువగా నడివయసులో బయటపడుతుంది. త్వరగా దొరికితే మందులతో చాలాకాలం బాగుంటుంది. గుండె నుంచి రక్తం వెళ్లే దారి పుట్టుకతోనే ఇరుకుగా ఉండే జబ్బు కూడా ఈ జాతిలో ఉంది. డాక్టర్ స్టెతస్కోపు పెట్టినప్పుడు అదనపు చప్పుడేమైనా ఉందా అని మీరే అడగండి.

రెండోది క్యాన్సర్. చర్మం మీద వచ్చే మాస్ట్ సెల్ గడ్డలు బాక్సర్లకు ఎక్కువ. చూడ్డానికి దోమకాటు బొడిపెలా, కొవ్వు గడ్డలా ఉంటాయి. వారానికోసారి ఒళ్లంతా చేత్తో తడమండి. కొత్తగా ఏ గడ్డ తగిలినా సూదితో తీసి పరీక్ష చేయించండి. "చూద్దాంలే" అనే మాట ఈ జాతి విషయంలో వద్దు.

ఇంకా కంటి పొర మీద త్వరగా మానని పుండ్లు, చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేయడం, థైరాయిడ్ తగ్గడం, తుంటి కీలు అరుగుదల ఉన్నాయి. ఇవి జాతి జబ్బులు. మన ప్రాంతంలో ఏ కుక్కకైనా వచ్చేది పిడుదుల జ్వరం. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, నీరసంగా ఉంటే రక్తపరీక్ష చేయించండి. పిడుదుల మందు నెలనెలా మానకుండా వాడాలి.

మత్తు ఇంజెక్షన్ గురించి ఏదో అంటారు, ఏమిటది?

ఏసిప్రోమజీన్ అనే మత్తుమందు కొన్ని బాక్సర్లకు పడదు. మామూలు మోతాదుకే రక్తపోటు పడిపోయి కుప్పకూలుతాయి. ఆపరేషన్‌కు ముందు, గోళ్లు తీయడానికి, ప్రయాణానికి ముందు కూడా దీన్ని వాడటం ఉంది. కొత్త డాక్టర్ దగ్గరికి వెళితే మొదటి మాటగా ఈ పేరు చెప్పండి. చిట్టి టీకాల కార్డు అట్ట మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాను.

తోక, చెవులు కత్తిరించాలా?

వద్దు. కత్తిరించడం కేవలం చూపుల కోసమే, కుక్కకు ఏ లాభమూ లేదు. బాక్సర్ పుట్టిన జర్మనీలోనే చెవుల కోతను 1987లో, తోక కోతను 1998లో నిషేధించారు. మన దేశంలో జంతువు అవయవాలను అనవసరంగా కోయడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం కింద నేరం. అమ్మేవాడు "మూడో రోజే కోసేశాం, నొప్పి తెలియదు" అంటే, ఆ మాటను బట్టే అక్కడ మిగతా పనులు ఎలా జరుగుతాయో తెలుసుకోవచ్చు.

తెల్ల బాక్సర్ పిల్ల "చాలా అరుదు" అంటూ ఎక్కువ ధర చెబుతున్నారు.

అరుదేం కాదు. తెల్లమచ్చలు బాగా ఉన్న తల్లిదండ్రులకు పుట్టే పిల్లల్లో దాదాపు నాలుగో వంతు తెల్లగానే పుడతాయి. ఈ జాతికి ఒప్పుకున్న రంగులు గోధుమ వన్నె, పులిచారలు. తెల్లవి కూడా అంతే మంచి కుక్కలు, కానీ కొన్నిటికి పుట్టుచెవుడు ఉంటుంది, ఎండకు చర్మం కాలుతుంది. మిగతా పిల్లల నుంచి విడిగా ఉంచి, అది చూడనప్పుడు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. చెవిటిదైనా చేతి సైగలతో చక్కగా నేర్చుకుంటుంది. పెంచగలననుకుంటే తీసుకోండి, ఎక్కువ ధర మాత్రం ఇవ్వకండి.

పిల్లను ఎక్కడ, ఎలా చూసుకుని తేవాలి?

తల్లిని చూడకుండా తేవద్దు. ఇదొక్కటి పాటిస్తే సగం మోసాలు తప్పుతాయి. బస్టాండ్ దగ్గరికి బుట్టలో తెచ్చి ఇస్తామనేవాళ్ల దగ్గర కొనకండి. తల్లి ఉన్న చోటికి వెళ్లండి, అది మనుషుల దగ్గరికి వస్తోందా, దాని పక్క శుభ్రంగా ఉందా చూడండి. తల్లిదండ్రుల గుండె పరీక్ష చేయించారా అని అడగండి. మన దగ్గర చాలామంది బ్రీడర్లు చేయించరు, అడగ్గా అడగ్గానే మారతారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు వంశం చెబుతాయి, ఆరోగ్యం చెప్పవు.

2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 35 రోజులకే "తీసుకెళ్లండి, త్వరగా అలవాటవుతుంది" అంటారు, నమ్మకండి. కరవడంలో అదుపు, ఆటలో మర్యాద అది తోబుట్టువుల మధ్య నేర్చుకునే రోజులవి.

తెచ్చాక పార్వో వంటి జబ్బుల టీకాలు మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు వచ్చేదాకా వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్. అవి పూర్తయ్యేవరకు వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపకండి. ఎత్తుకుని మాత్రం అన్నీ చూపించండి: ఆటో చప్పుడు, టపాసులు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి.

ఆడదా, మగదా?

ఆడది కాస్త చిన్నది, కాస్త త్వరగా కుదురుకుంటుంది. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో డాక్టర్‌తో మాట్లాడండి. చేయించని ఆడకుక్కలకు వయసు మీరాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే రెండోది వేరే లింగానిదైతే మంచిది. ఒకే లింగం బాక్సర్లు పెద్దయ్యాక కొట్లాడుకోవడం మామూలే.

శుభ్రం చేయడం కష్టమా?

పొట్టి వెంట్రుక, వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్ చాలు. స్నానం మూడు నాలుగు వారాలకోసారి. మొహం మీది ముడతల్ని మాత్రం రోజూ తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే వానాకాలం అక్కడ ఫంగస్ వస్తుంది. చొంగ కారుస్తుంది, గురక పెడుతుంది, గ్యాస్ వదులుతుంది. గోడల మీద చొంగ మరకలు చూసి చిరాకుపడే ఇల్లయితే ముందే ఆలోచించుకోండి.

ఎన్నేళ్లు బతుకుతుంది? అమెరికా వెళ్లాల్సివస్తే తీసుకెళ్లొచ్చా?

సాధారణంగా 10 నుంచి 12 ఏళ్లు. పొట్టి ముక్కు కుక్కల్ని చాలా విమానసంస్థలు కార్గోలో ఎక్కించుకోవు, ఎండాకాలమైతే అసలే ఒప్పుకోవు. వీసా ప్రయత్నాల్లో ఉన్న పిల్లలు సరదాపడి తెచ్చి, రెండేళ్లకు అమ్మానాన్నల మీద వదిలేసి వెళ్లిన బాక్సర్లను నేను ముగ్గురిళ్లలో చూశాను. అరవై దాటిన వాళ్లు దాన్ని పట్టుకుని నడవలేక ఇంట్లోనే ఉంచేస్తున్నారు. వచ్చే పదేళ్లు మీరు ఎక్కడుంటారో తెలియకపోతే ఇప్పుడు తేకండి.

సరే, నిర్ణయించుకున్నాం. తెచ్చే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

ముందు పెద్ద బాక్సర్ ఉన్న ఇంటికి వెళ్లి ఒక సాయంత్రం కూర్చోండి. అది మీదెక్కనివ్వండి, చొంగ అంటుకోనివ్వండి. ఇంట్లో అందరూ వెళ్లాలి, ముఖ్యంగా వద్దంటున్నవాళ్లు. తెచ్చేది మార్చి నుంచి జూన్ మధ్య కాకుండా చూసుకోండి, నవంబరు అయితే పిల్లకు చలి నుంచి ఒక గోనెసంచో పాత దుప్పటో చాలు. మెడబెల్టు కంటే ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, పొట్టి ముక్కు కుక్క గొంతు మీద ఒత్తిడి పడకూడదు. జబ్బు ఖర్చు కోసం నెలనెలా కొంత పక్కన పెట్టడం ఇప్పుడే మొదలుపెట్టండి. మీ ఊళ్లో అర్ధరాత్రి కూడా తలుపు తీసే పశువైద్యుడు ఎవరో కనుక్కుని, ఒకసారి వెళ్లి కలిసి, ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించి, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆ కాగితం అంటించాక పిల్లను తెచ్చుకోండి.